తోడులో నిద్రపోతున్నది

మూడో తొట్టి చచ్చిపోయిందని నెట్టాకు ముక్కుతోనే తెలిసిపోయింది. సోమవారం పొద్దున్న పదిగంటల వేళ. ఆపాటికి తొట్టి మీద వంగితే పుల్లటి వాసన ముక్కుపుటాల్ని గిల్లాలి. ఇప్పుడేమో పాలు తాగి నిద్రపోయిన పసిబిడ్డ మూతి దగ్గర వచ్చే వాసన, తియ్యగా, గోరువెచ్చగా.

అయినా లెక్కప్రకారం చూడాలి కదా అని గిన్నెలోకి కాసిని విరుగుడు నీళ్ళు తీసుకుని మందు చుక్కలు వేయసాగింది. పులుపు ఎంతుంటే అన్ని చుక్కలు మింగుతాయి ఆ నీళ్ళు. మింగలేనప్పుడు గులాబీ రంగు తిరుగుతాయి. నాలుగో చుక్కకే తిరిగాయి.

"ఎంతుంది?" అన్నాడు వెనకనుంచి డెస్ పాస్కో. ఒరాకుయి చీజు ఫ్యాక్టరీకి మేనేజరు, లావాటి మనిషి, కంగారు పుట్టినప్పుడల్లా టోపీ తీసి పెడుతుంటాడు.

"గంట కింద ఎంతుందో ఇప్పుడూ అంతే."

"ఇంకో గంట చూద్దామా?"

"శవం పక్కన కూర్చుని చూసినట్టే, డెస్. వదిలెయ్యి. పందులకు పంపించు."

పది వేల లీటర్ల పాలు. గడ్డ కట్టాయి గాని పులవలేదు. కత్తి పెడితే గడ్డ నిగనిగలాడుతూ విడివడాల్సింది పోయి తడిసిన బట్టలా ముద్దవుతోంది. పాలల్లో వేసిన తోడును ఏదో లోపల్లోపలే తినేసింది. ఏం తిన్నదో అక్కడ అందరికీ తెలుసు. తోడులో బ్యాక్టీరియా ఉంటుంది, ఆ బ్యాక్టీరియాకు పట్టే వైరస్ ఉంటుంది. పశువుకు గాలికుంటు ఎలాగో తోడుకు అది అలాగ. ఆ దేశంలో చీజు చేసే ప్రతి ఊరికీ ఈ పీడ తాతలనాటి నుంచీ తెలుసు. కాని ఆగస్టులో ఒక తొట్టి, సెప్టెంబరులో రెండు, అక్టోబరు సగం కాకముందే మూడు. భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఆ దేశంలో వసంతం ఈ నెలల్లోనే, ఆవులు కడవలకొద్దీ పాలిచ్చే కాలంలో ఇలా అవడం ఎవరూ ఎరగరు.

డెస్ టోపీ తీశాడు. "గురువారం కమిటీ కూర్చుంటోంది. సగంమంది రైతులు ప్యాకెట్ తోడు కొనేద్దామని అప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు. గురువారం తొట్టి కూడా ఇలాగే అయిందంటే నేను ఆపలేను, నెట్టా. మీ తల్లి తోడును కాలవలో పోయమంటారు."

నెట్టా గిన్నె కడుగుతూ ఉండిపోయింది.

ప్రతి తొట్టి తోడుకూ మూలమైన ఆ తల్లి తోడు నెట్టా అమ్మమ్మ నాటిది. ఆమె చేతినుంచి అమ్మ చేతికి, అమ్మ చేతినుంచి నెట్టా చేతికి వచ్చింది. ఎనభై ఏళ్ళకు పైగా సీసాలోంచి సీసాలోకి, ఒక్కరోజు తప్పకుండా మారుతూ వచ్చింది. కొండ నుంచి సముద్రం దాకా ఎన్ని ఫ్యాక్టరీలు మూతపడ్డాయో లెక్కలేదు. ఇది నిలబడిందంటే ఆ తోడు ఇచ్చే రుచి వల్లే. నెట్టాకు పిల్లలు లేరు. ఆ మాట ఎవరూ ఆమె దగ్గర ఎత్తరు, కాని తోడు గదిలోకి పోతూ ఆమె తలుపు ఎంత మెల్లగా మూస్తుందో చూసినవాళ్ళకు ఎత్తాల్సిన అవసరమూ ఉండదు.

ఆ గది ఫ్యాక్టరీకి సముద్రం వైపు కొసన ఉంటుంది. గాలి ముందు దాన్ని తాకి, తర్వాతే విరుగుడు నీళ్ళ వైపు పోవాలని అలా కట్టారు. గుమ్మం ముందు నేలమీద ఎర్రగీత. విరుగుడు నీళ్ళు ముట్టిన మనిషి స్నానం చేసి బట్టలు మార్చందే ఆ గీత దాటకూడదు, ఆ నీళ్ళు మోసేవాళ్ళయితే అసలే దాటకూడదు. వైరస్ ఉండేదంతా ఆ నీళ్ళలోనే మరి, ఒక్క చుక్కలో కోట్లు.

నెట్టా మొగుడు రస్ చేసేది విరుగుడు నీళ్ళ ట్యాంకరు తోలే పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా పందుల పెంపకాలకు ఆ నీళ్ళు మోస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో పెళ్ళాం పనిచేసే గది లోపల ఎలా ఉంటుందో చూడలేదు. ఇంటి దగ్గరా అదే తంతు. పెరట్లో కొళాయి కింద మంచులోనైనా సరే కాళ్ళూ చేతులూ తోముకుని, వెనక తలుపు కొట్టి నిలబడతాడు.

"మహారాణీ, లోపలికి రావచ్చా?"

"కాళ్ళు?"

"కడిగాను."

"గోళ్ళు?"

"ఉన్నాయి, ఇరవై. లెక్కపెట్టుకో."

అలాంటి మనిషి పేరు నెట్టాయే బయటపెట్టింది. కిందటి బుధవారం డెస్ అందర్నీ వరసగా నిలబెట్టి, గీత దాటిందెవరని అడిగాడు. నెట్టాకు గుర్తొచ్చింది. ఆమె ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి రస్ ఓసారి గీతదాకా వచ్చాడు. "బూటు కొస దాటిందేమో," అంది. అబద్ధం కాదు. దారప్పోగంత నిజం. ఆ పోగు పట్టుకునే డెస్ సోమవారం నుంచి రస్‌ని బండి దింపేశాడు.

రస్ తాళాలు బల్లమీద పెట్టి, "నాక్కూడా విశ్రాంతి కావాల్లే," అని నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం కొళాయి దగ్గర చాలాసేపు తోముకున్నాడు. కడగడానికేమీ లేని కాళ్ళు.

నెట్టా ఎవరికీ చెప్పని సంగతి ఇంకోటుంది. అది తప్పని ఆమె అనుకోలేదు, చెప్పుకోదగ్గ తెలివి అనే అనుకుంది. ఆగస్టులో మొదటి తొట్టి చచ్చినప్పుడు, పట్నంలో మూతపడ్డ ఓ ఆస్పత్రి సామాన్లు వేలం వేస్తుంటే పోయి ఒక నీలిదీపం కొనుక్కొచ్చింది. ఆపరేషన్ గదుల్లో క్రిముల్ని చంపే దీపం. పాలు ముద్దగా ఉంటాయి, వెలుగు లోపలికి దిగదు. అందుకని తల్లి తోడు కాస్త తీసి, ఉప్పునీళ్ళలో పలచగా కలిపి, వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పోసి, ఆ దీపం కింద పెట్టేది. వైరస్ ఇంతటిది, బ్యాక్టీరియా అంతటిది. చిన్నది ముందు చస్తుంది, పెద్దది తట్టుకుంటుంది, ఇదీ ఆమె లెక్క. ఇరవై అంకెలు లెక్కపెట్టి దీపం ఆర్పేది. ఆ కడిగిన తోడునే పాలల్లో వేసి పెంచేది. సెప్టెంబరులో తొట్లు చచ్చాక నలభై చేసింది. ఇప్పుడు తొంభై.

మంగళవారం రిపేకా వచ్చింది. ఏటి అవతల, ఆ నేల మూలవాసులు కలుసుకునే మరాయ్ ప్రాంగణం దగ్గరి ఇళ్ళ పిల్ల. వాళ్ళ నాయనమ్మ ఈ ఫ్యాక్టరీలోనే చీజు అచ్చులు బిగించేది. చిన్నప్పుడు వెనకదారిలో నిలబడి నెట్టా చేతినుంచి గడ్డముక్కలు తిన్న పిల్ల ఇప్పుడు యూనివర్సిటీలో వైరస్ ప్రోటీన్ల మీదే పనిచేస్తోంది. రెండు వారాల కిందట నెట్టా ఐసుపెట్టెలో పంపిన సీసాలకు జవాబు పట్టుకొచ్చింది.

నెట్టా ఆమె చేత స్నానం చేయించి, తెల్లబట్టలు తొడిగించి, జుట్టంతా టోపీలోకి కుక్కించి గానీ గీత దాటనివ్వలేదు.

"మా అమ్మ కూడా నన్నింత తోమలేదు, ఆంటీ."

"మీ అమ్మ తోమి ఉంటే నాకీ పని తప్పేది. కూర్చో."

రిపేకా కంప్యూటర్ తెరిచింది. మైక్రోస్కోపు తీసిన బొమ్మ. బూడిదరంగు మసకలో ఒక తల, ఆరు పలకలుగా చెక్కినట్టు. దాని కింద సన్నటి తోక. తోక కొసన పిడికిలి లాంటిది.

"ఇదే మీ తొట్లు తిన్నది. ఈ తల ఉత్త డబ్బా, ప్రోటీన్‌తో కట్టిన డబ్బా. లోపల చుట్టచుట్టిన దారం ఉంటుంది, వంశమంతా ఆ దారంలోనే. తోక గొట్టం. ఈ కొసనున్న పిడికిలి చూడండి." వేలితో పెద్దది చేసింది. కంప్యూటర్ గీసిన రంగుబొమ్మ తిరుగుతూ కనిపించింది, రిబ్బన్లు మెలిపెట్టి కట్టినట్టు. "మూడు ప్రోటీన్లు ఒకదాన్నొకటి పెనవేసుకుంటే ఇది. బ్యాక్టీరియా ఒంటిమీద చక్కెర పూత ఉంటుంది కదా, ఆ పూతలో ఒక్క రకానికి మాత్రమే ఈ వేళ్ళు సరిపోతాయి. సరిపోయిందా, పట్టేస్తుంది. దారం లోపలికి దిగిపోతుంది. అక్కడినుంచి ఆ ఇల్లు ఆ ఇంటివాళ్ళది కాదు."

"ఎంతసేపట్లో చంపుతుంది?"

"గంటలోపే. దానికీ ఓ ప్రోటీన్ ఉంది, ఆంటీ. గడియారం లాంటిది. పిల్లవైరస్‌లు తయారయ్యేదాకా గమ్మున పొరలో చేరుతూ ఉంటుంది. వేళకి పొరకు చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల్లోంచి ఇంకోటి పోయి గోడను కరిగించేస్తుంది. పగిలి వందో నూటేభయ్యో బయటపడతాయి."

నెట్టా తెరకు దగ్గరగా వంగింది. ఎన్నేళ్ళుగానో ఈ శత్రువుతో కాపురం చేస్తోంది, మొహం చూడ్డం ఇదే మొదలు. "సరే. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు. విరుగుడు ట్యాంకరు నుంచేనా?"

రిపేకా ఇంకో బొమ్మ తెరిచింది. రెండు చేతులు కలిపి ఏదో పట్టుకున్నట్టున్న చిన్న బొమ్మ, మధ్యలో మెలితిరిగిన దారం.

"ఈ ప్రోటీన్ చూశాక నాకు రెండు రాత్రులు నిద్రలేదు. ఇది చంపేది కాదు, నిద్రపుచ్చేది. రెండు ముక్కలు పట్టకారులా కలిసి, వైరస్ దారాన్ని పట్టుకుని కూర్చుంటాయి. అది పట్టుకున్నంతకాలం వైరస్‌కి నోరు పెగలదు. బ్యాక్టీరియా కడుపులోనే, దాని దారంలోనే అతుక్కుని పడుకుంటుంది. బ్యాక్టీరియా పిల్లల్ని పెడితే ప్రతి పిల్లలోనూ ఇదీ ఉంటుంది. బయటనుంచి వచ్చి తిని పోయే వైరస్‌కి ఈ పట్టకారుతో పనేముంది?"

"అంటే?"

"బయటనుంచి రాలేదు, ఆంటీ. మీరు పంపిన సీసాలన్నీ వెతికాను. మీ అమ్మగారు డెబ్బై నాలుగులో చేత్తో పేరు రాసి దాచిన సీసా ఉంది చూడండి, దాంట్లో కూడా ఉంది. మీ తోడులో మూడు రకాల బ్యాక్టీరియా ఉంది. అందులో ఒకటి దీన్ని కడుపులో పెట్టుకుని మోస్తోంది. బహుశా మొదట్నుంచీ. లేచిందంటే మోసిన రకం పగిలిపోతుంది, మిగతా రెండూ దానికి తిండి."

బయట కప్పుమీద సీగల్ పక్షులు పోట్లాడుకుంటున్నాయి. నెట్టా అరలోని సీసాల వైపు చూసింది. పన్నెండు సీసాలు, తెల్లగా, అమాయకంగా.

"ఎనభై ఏళ్ళు పడుకుంది కదా. ఇప్పుడెందుకు లేచింది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. మామూలుగా వేలల్లో ఒకటి ఊరికే లేస్తుంటుంది, దానికి తొట్టి చావదు. ఇన్ని ఒక్కసారే లేవాలంటే బ్యాక్టీరియాకి గట్టి దెబ్బ తగలాలి. దాని దారం చిట్లిపోవాలి. అప్పుడు ఈ పట్టకారు తనంతట తానే నడుం దగ్గర తెగిపోతుంది. మునిగే పడవలో ఎవరుంటారు? లేచి బయటపడుతుంది." రిపేకా మాట్లాడుతూనే గదంతా కలయజూసింది. చూపు మూలనున్న బల్లమీద ఆగింది. పళ్ళెం. దానిమీద వంగిన పొడుగాటి దీపం. "అదేంటాంటీ?"

నెట్టా చెప్పింది. ఉప్పునీళ్ళు, పలచటి పళ్ళెం, ఇరవై అంకెలు, నలభై, తొంభై. చెబుతూ చెబుతూ ఆ పిల్ల మొహం చూసి సగంలో ఆగిపోయింది.

రిపేకా చాలా మెల్లగా అంది. "నిద్రపోయే వైరస్‌ని లేపాలంటే మా ల్యాబులో ఏం చేస్తామో తెలుసా? ఉప్పునీళ్ళలో కలిపి, పలచగా పళ్ళెంలో పోసి, ఈ దీపం కింద పెడతాం. సరిగ్గా ఇదే, ఆంటీ. అంకెలు కూడా ఇలాగే లెక్కపెడతాం."

నెట్టా లేచి వెళ్ళి దీపం తీగ గోడలోంచి లాగేసింది. ఆ తీగ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. తొట్టి చచ్చినప్పుడల్లా భయపడింది. భయపడ్డప్పుడల్లా ఇంకో ఇరవై అంకెలు కలిపింది.

"దీపం మానేస్తే మళ్ళీ పడుకుంటుందా?"

"పడుకోవచ్చు. ఇప్పటికే లేచి తిరుగుతున్నవి ఎన్నున్నాయో, ఎక్కడున్నాయో చెప్పలేను. కాని పోవడం మాత్రం పోదు. దాన్ని తీయాలంటే తోడునే తీసేయాలి." రిపేకా కంప్యూటర్ మూసింది. "నేను ఎవరికీ చెప్పను. మీ గది, మీ నోటితోనే చెప్పండి. కాని డెస్ కాగితం మీద సంతకం పెట్టి పంపిన పని ఇది, రిపోర్టు రాయక తప్పదు. సోమవారానికి ఆయన చేతికొస్తుంది."

ఆ సాయంత్రమే నెట్టా గది మొత్తం సున్నపునీళ్ళతో కడిగి, ఫ్రీజర్లోంచి పాత సీసా తీసి, దీపం మొహం చూపించకుండా తోడు పెంచింది. గురువారం తొట్టిలో అదే వేశారు. తొమ్మిదింటికి మొదటి గిన్నె. చుక్కలు పడుతూనే ఉన్నాయి, రంగు తిరగలేదు. పదింటికి గది గుమ్మం దాకా పుల్లటి వాసన కొట్టింది. డెస్ వచ్చి ఆమె భుజం మీద చరిచాడు. టోపీ తలమీదే ఉంది.

సాయంత్రం హాల్లో కమిటీ. ఆడవాళ్ళు ఇళ్ళనుంచి తలో పళ్ళెం తెచ్చారు, గుడ్డు సాండ్‌విచ్‌లు, జామ్ కేకులు, పెద్ద కెటిల్లో టీ. రస్ వెనక వరసలో, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

డెస్ నిలబడ్డాడు. "ఈ వారం మనం మార్చింది ఒకే ఒక్కటి. విరుగుడు బండిమీద మనిషిని మార్చాం. తొట్టి బతికింది. నేనింకేం చెప్పక్కర్లేదనుకుంటా."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ముందు వరసలో ఓ రైతు, ట్రాక్టరంత గొంతుతో అన్నాడు: "రస్, నీ బూట్లకింద పోయిన పాలల్లో నా ఆవులు ఈత కొట్టచ్చు కదయ్యా."

నవ్వారు. రస్ కూడా నవ్వాడు. లేచి చొక్కా సవరించుకుని, "ముప్పై ఒక్క ఏళ్ళు కడిగాను," అన్నాడు. "ఎక్కడో సరిగ్గా కడగలేదేమో. తోడు బతికింది, అదే చాలు. అది మా ఆవిడ ప్రాణం."

నెట్టా ఒళ్ళో చేతుల్ని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. రెండు చేతులూ పట్టకారులా దేన్నో బిగించి కూర్చున్నాయి. ఇప్పుడు నోరు విప్పితే తల్లి తోడు రేపు పొద్దున్న కాలవలో ఉంటుంది. విప్పకపోతే సోమవారం దాకా ఉంటుంది. ఈ మూడు రోజుల్లో ఇంకో రెండు తొట్లు బాగా పులిస్తే, రిపోర్టు వచ్చినా డెస్ పట్టించుకోడేమో. ఇన్నేళ్ళు పడుకున్నది ఇంకో ఎనభై ఏళ్ళు పడుకోదా.

"నెట్టా, నువ్వేమన్నా చెప్తావా?" అన్నాడు డెస్.

ఆమె కుర్చీ వీపు పట్టుకుని లేచింది. "తోడు బాగుంది," అని కూర్చుంది.

ప్యాకెట్ తోడు మాట పక్కన పెట్టారు. రస్ ఇకనుంచి ఫ్యాక్టరీ ఆవరణలోకే రాకూడదని రాసుకున్నారు. తర్వాత అందరూ కేకులు తిన్నారు. రస్ కూడా ఒకటి తిన్నాడు. నెట్టా కోసం ఒకటి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం తెల్లవారాక రస్సే ఆమెను కారులో తెచ్చి గేటు బయట దింపాడు. దారిలో ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.

నెట్టా స్నానం చేసి, తెల్లబట్టలు తొడుక్కుని, గదిలోకి పోయి తలుపు మెల్లగా మూసింది. నిన్న మార్చిన సీసాలు అరలో వరసగా ఉన్నాయి. మొదటిది తీసి వంచింది. తోడుకున్న సీసా వంచితే లోపలిది కదలకూడదు, గాజుని వదిలి నునుపుగా ఓ పక్కకు ఒరగాలి.

సీసా గోడమీద ఒక నీటిచార జారింది. సన్నటిది. దాని వెనకే పాలు జారాయి, పాలలాగే.

ఆమె సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. తియ్యగా, గోరువెచ్చగా.

దీపం మూలన తీగ చుట్టేసి ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. లేచినది పడుకోలేదు, అంతే. నిన్న హాల్లో ఆమె దేనికోసం నోరు మూసుకుందో అది అప్పటికే లోపల చిల్లులు పడుతూ ఉంది.

సీసా చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. గేటు దగ్గర రస్ కారు ఇంకా కదల్లేదు, అద్దం తుడుస్తున్నాడు. చెయ్యెత్తి పిలిచింది. అతను ఆవరణ వైపు, డెస్ గది కిటికీ వైపు చూశాడు. మళ్ళీ పిలిచింది. వచ్చాడు. ఉన్నవి ఆ ఒక్క జతే, విరుగుడు నీళ్ళు పీల్చి పసుపెక్కిన రబ్బరు బూట్లు. ఎర్రగీత దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"ఏమైంది, నెట్టా?"

"లోపలికి రా."

"కాళ్ళు కడగలేదు."

"అక్కర్లేదు. రా."

అతను ఆమె మొహం చూశాడు. తర్వాత ఏటిలో దిగేవాడిలా ఒక కాలు ఎత్తి గీత అవతల పెట్టాడు, రెండోది పెట్టాడు. తెల్లటి నేలమీద బూట్ల అచ్చులు తడితడిగా పడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా చూడని గదిని గోడలవెంబడి చూసుకుంటూ, "ఇంతేనా," అన్నాడు. "నేనింకా ఏదో గుడి అంత ఉంటుందనుకున్నాను."

"కూర్చో, రస్. ముందు నీకు చెప్పాలి. తర్వాత డెస్ దగ్గరికి పోతాను."

అతను కూర్చున్నాడు. ఆమె చేతిలోని సీసాను బల్లమీద, నీలిదీపం పక్కన పెట్టింది. అరలో ఇంకా పదకొండు ఉన్నాయి. ఒక్కటీ వంచి చూడలేదు.